కాలిన అడవి మీదుగా కోనకు నడవాలంటే

శేషాచలం కొండల్లో దాదాపు ప్రతి వేసవిలో ఎక్కడో ఒకచోట అగ్గి పడుతుంది. ఫిబ్రవరి చివరికి ఆకు రాలి, బోదగడ్డి ఎండి, కొండంతా గరగరలాడుతుంటుంది. అప్పుడు ఒక బీడీ ముక్క చాలు. 2014 మార్చిలో తిరుమల కొండల్లో రేగిన మంటలు ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. అంత పెద్దవి అరుదు గానీ, గడ్డిని, రాలిన ఆకును కాల్చుకుంటూ పోయే చిన్న నేలమంటలు మాత్రం మామూలే. వానలు పడగానే అదే కొండ పచ్చబడుతుంది, వంకలు పారతాయి, కోనల్లో నీళ్ళు దుముకుతాయి. తిరుపతి కుర్రాళ్ళు బైకులు బయటికి తీసేది అప్పుడే.

చిక్కంతా ఆ పచ్చదనంతోనే. కాలి, మళ్ళీ చిగురిస్తున్న అడవి దూరం నుంచి మామూలు అడవిలాగే ఉంటుంది. లోపలికి వెళ్తే చెట్టు, నేల, నీళ్ళు మూడూ వేరే తీరులో ఉంటాయి. వాటిని చూసుకుంటూ ఎలా వెళ్ళి రావాలో ఇక్కడ చెబుతాను. ఉదాహరణకు తలకోన జలపాతం దారిని తీసుకుంటున్నాను. తలకోన కాలిందని కాదు, ఎక్కువమంది వెళ్ళేది అక్కడికే కాబట్టి. తిరుమల కొండల్లోని తీర్థాల (పుణ్యస్నానాల గుండాల) దారులకైనా, కైలాసకోన, ఉబ్బలమడుగు జలపాతాలకైనా ఇవే జాగ్రత్తలు పనికొస్తాయి.

ముందు అనుమతి సంగతి

తలకోన, తిరుమల తీర్థాలు శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో ఉన్నాయి. 1989లో ప్రకటించిన ఈ ఉద్యానం 353 చదరపు కిలోమీటర్లు. దీన్ని కలుపుకొని ఉన్న శేషాచలం జీవావరణ పరిరక్షణ ప్రాంతాన్ని 2010లో ప్రకటించారు. జాతీయ ఉద్యానం అంటే టికెట్ ఇచ్చే దారి తప్ప మిగతాదంతా అనుమతి లేనిదే అడుగు పెట్టకూడని చోటు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చెప్పేది ఇదే. "మా ఊరి కొండే కదా" అనే మాట చెక్‌పోస్ట్ దగ్గర చెల్లదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇది ఎర్రచందనం అడవి. దొంగల కోసం టాస్క్‌ఫోర్స్ గస్తీ తిరుగుతుంటుంది. దారి వదిలి లోపల తిరుగుతూ కనబడితే మీరు జలపాతం చూడటానికి వచ్చారో, దుంగల కోసం వచ్చారో వాళ్ళకు ముఖం చూసి తెలియదు. సంజాయిషీ చెప్పుకుంటూ సాయంత్రం దాకా కూర్చోవాల్సి వస్తుంది.

కాబట్టి బయలుదేరే ముందు రోజే అటవీ శాఖ రేంజి ఆఫీసులోనో, చెక్‌పోస్ట్‌లోనో మూడు ప్రశ్నలు అడగండి. ఈ వేసవిలో ఈ దారిలో ఎక్కడ కాలింది? ఇప్పుడు ఎక్కడి దాకా వెళ్ళనిస్తున్నారు? ఏనుగులు గానీ చిరుత గానీ ఈ మధ్య కనబడ్డాయా? ఏ గుట్ట ఏ నెలలో కాలిందో బీట్ ఆఫీసర్‌కు, ఫైర్ వాచర్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మంట పడితే ఉపగ్రహాల నుంచి భారత అటవీ సర్వే సంస్థ ద్వారా వాళ్ళకు హెచ్చరికలు కూడా వస్తాయి. దారి మూసి ఉందంటే వెనక్కి రండి. గేటు పక్క నుంచి చిన్న దోవ చూపిస్తానని ఎవరో ఒకరు తగులుతారు, వాళ్ళ వెంట పోవద్దు.

తిరుమల తీర్థాలకు వేరే లెక్క ఉంది. రామకృష్ణ తీర్థానికి పుష్య పౌర్ణమి, కుమారధారకు మాఘ పౌర్ణమి, తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటి రోజులు, అంటే అక్కడ పుణ్యస్నానాలు చేసే పండుగ రోజులు. ఆ సమయంలో దేవస్థానం, అటవీ శాఖ కలిసి జనాన్ని పంపిస్తాయి. దారిలో అన్నం, నీళ్ళు, వైద్య సిబ్బంది ఉంటారు. మొదటిసారి అడవి దారి నడిచేవాళ్ళకు ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. కాకపోతే తుంబురు ముక్కోటి వచ్చేది మార్చి ప్రాంతంలో, అంటే అగ్గి కాలంలోనే. నీళ్ళు తక్కువ, ఎండు గడ్డి ఎక్కువ. గుండె జబ్బు, ఆయాసం, బీపీ ఉన్నవాళ్ళు ఆ నడక పెట్టుకోకూడదు.

ఎప్పుడు వెళ్ళాలి

కాలిన ఏడాది వేసవిలో అటు వెళ్ళొద్దు. మంట ఆరిందని చెప్పాక కూడా దుంగల లోపల, వేర్ల వెంట నిప్పు రోజుల తరబడి రగులుతూనే ఉంటుంది. నీడ ఉండదు, బూడిద కళ్ళల్లో పడుతుంది, జలపాతంలో నీళ్ళూ ఉండవు.

తొలి వానలకూ తొందరపడొద్దు. కాలిన వాలు మీద పడే మొదటి రెండు మూడు పెద్ద వానలే అన్నిటికంటే ప్రమాదం. బూడిద, మట్టి, వదులైన రాళ్ళు అన్నీ వంకల్లోకి దిగేది అప్పుడే. మన వైపు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో కురుస్తుంది. నవంబరు చివరి నుంచి జనవరి దాకా, తుఫాను వార్త లేని రోజు, పెద్ద వాన పడ్డాక రెండు మూడు పొడి రోజులు గడిచాక వెళ్ళండి. నీళ్ళూ ఉంటాయి, నేలా కాస్త కుదుటపడి ఉంటుంది.

వాతావరణ శాఖ హెచ్చరికను చూసేటప్పుడు తిరుపతికి ఏముందో ఒక్కటే చూడొద్దు. కొండ అవతల అన్నమయ్య జిల్లాలో పడ్డ వాన కూడా మీ వంకలోకి రావచ్చు. 2021 నవంబరు వానలకు తిరుపతిలో కపిలతీర్థం జలపాతం ఎలా విరుచుకుపడిందో, తిరుమలకు వెళ్ళే శ్రీవారి మెట్టు దారి, ఘాట్ రోడ్డు ఎంత దెబ్బతిన్నాయో ఊళ్ళో అందరికీ గుర్తే. చెట్టూ చేమా ఉన్న కొండే అలా జారితే, గడ్డి కాలిపోయిన కొండ సంగతి చెప్పక్కర్లేదు.

సంచిలో ఏం పెట్టుకోవాలి

మనిషికి మూడు లీటర్ల నీళ్ళు. ఇది ఎక్కువనిపిస్తుంది, మోయడానికి బరువు కూడా. కానీ కాలిన చోట నీడ పోతుంది, నల్ల నేల ఎండను పీల్చుకుని కింద నుంచి సెగ కొడుతుంది. డిసెంబరులో కూడా మధ్యాహ్నానికి చొక్కా తడిసిపోతుంది. వంక నీళ్ళు తాగొచ్చులే అనుకోవద్దు. కాలిన గుట్ట మీంచి వచ్చే నీళ్ళలో బూడిద, మట్టి ఉంటాయి, కాచే వీలు మీకు ఉండదు. రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పులిహోరో చపాతీలో, నాలుగు అరటిపళ్ళు చాలు.

గట్టి సోలు ఉన్న బూట్లు తప్పనిసరి. చెప్పులతో తలకోన మెట్లెక్కినవాళ్ళు చాలామంది ఉన్నారు, కాలిన పొదల మొద్దులు మాత్రం చెప్పుల్లోంచి దిగుతాయి. గడ్డి కింద పెన్సిలంత లావున, వాడిగా నిలబడి ఉంటాయి అవి. నిండు చేతుల నూలు చొక్కా, ప్యాంటు, తలకు టోపీ లేదా తువ్వాలు, ముక్కుకు కట్టుకునే నూలు గుడ్డ, భుజం ఎత్తు కర్ర, ఈల, టార్చిలైటు, చిన్న కట్ల సామాను తీసుకోండి. నైలాన్ బట్టలు వద్దు, నిప్పు తగిలితే చర్మానికి అంటుకుంటాయి.

తీసుకెళ్ళకూడనివి: అగ్గిపెట్టె, లైటరు, సిగరెట్లు, గ్యాస్ స్టవ్, మందు సీసాలు. కర్పూరం కూడా. తీర్థం దగ్గర కర్పూరం వెలిగించాలని పెద్దవాళ్ళకు ఉంటుంది. తలకోనలో సిద్ధేశ్వరస్వామి గుడి ఉంది, హారతి అక్కడ ఇచ్చుకుని పైకి బయలుదేరండి. ఇక జలపాతం దగ్గర బిర్యానీ వండుకునే బ్యాచ్‌లకు ఏం చెప్పినా ఎక్కదు. మీ బ్యాచ్‌లో అలాంటివాడుంటే దారిలో ఏదో దాబాలో దింపేసి వెళ్ళండి.

దారి పట్టుకోవడం

తిరుపతి నుంచి రంగంపేట, భాకరాపేట, నెరబైలు మీదుగా తలకోన సుమారు 60 కిలోమీటర్లు. తెల్లవారకముందే బయలుదేరితే ఎండ ఎక్కే లోపు నడక మొదలవుతుంది. నలుగురైదుగురు ఉంటే మంచిది. ఒక్కరే వద్దు, ఇరవైమంది అసలే వద్దు. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి ఫోన్ చేస్తారో ఇంట్లో చెప్పండి. కోనలోకి దిగాక సిగ్నల్ ఉండదని ముందే అనుకోండి. మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకున్నా దాన్నే నమ్ముకోవద్దు.

మామూలు అడవిలో కాలిబాట తెలుస్తూనే ఉంటుంది, రెండు పక్కలా గడ్డి, మధ్యలో తొక్కిన నేల. కాలిన చోట ఆ అంచులు పోతాయి. పొదలు కాలిపోయి ఎటు చూసినా ఖాళీగా, ఎటు చూసినా దారిలాగే ఉంటుంది. దుప్పులు నడిచిన దోవ, పశువులు మేసిన దోవ, దుంగలు మోసినవాళ్ళ దోవ అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకే రెండు పద్ధతులు అలవాటు చేసుకోండి. మలుపు వచ్చినప్పుడల్లా ఆగి, వెనక్కి తిరిగి, వచ్చిన దారిని ఫోటో తీయండి. తిరుగు ప్రయాణంలో మీకు కనబడేది ఆ వైపే. రెండోది, రంగు గుర్తు, బోర్డు, మెట్టు, కట్టిన రాయి ఇలా మనిషి చేసిన గుర్తు ఏదీ కాసేపటి దాకా కనబడకపోతే చివరి గుర్తు దగ్గరికి వెనక్కి వెళ్ళండి. ముందుకు పోతే ఎక్కడో కలుస్తుందిలే అనే ఆలోచనే చాలామందిని రాత్రంతా కొండ మీద కూర్చోబెట్టింది.

మరొక మాట. దారి పక్కన అడుగు వేయకండి. కాలిన నేలలో మొలకలన్నీ పైపైనే ఉంటాయి, వానకు నాని మెత్తబడిన మట్టి ఒక్క అడుగుకే కుంగుతుంది. పదిమంది షార్ట్‌కట్ తొక్కితే వచ్చే వానకు అది కాలువ అవుతుంది.

పైన మోడు, కింద గుంత

కాలిన అడవిలో మనుషులకు దెబ్బ తగిలేది ఎక్కువగా చెట్ల వల్లే. మంట చెట్టు మొదట్లో ఒక పక్క తొలుచుకుపోతుంది. ఎండు కొమ్మ విరిగిన చోటో, పాత గొడ్డలి గాటు ఉన్న చోటో లోపలికి దూరి తొర్ర చేస్తుంది. పైన చూస్తే ఆకు కూడా ఉండొచ్చు. నెలల తర్వాత, వానకు నేల మెత్తబడ్డాక, గాలి లేని పూట కూడా అలాంటి చెట్టు ఉన్నట్టుండి పడిపోతుంది. ఏడాది రెండేళ్ళు గడిచే కొద్దీ వేరు కుళ్ళి ఈ ముప్పు ఇంకా పెరుగుతుంది. పచ్చబడింది కదా, ఇక భయం లేదనుకోవడానికి వీల్లేదు.

నడుస్తూ పైకి చూడటం కుదరదు. కాబట్టి నిలబడి చూడండి, తర్వాత నడవండి. పది ఇరవై అడుగుల మేర ముందు దారిని పైనుంచి కిందికి ఒకసారి పరికించండి. మొదట్లో నల్లటి తొర్ర, దారి వైపు వాలిన కాండం, బెరడు ఊడి తెల్లబడిన మోడు, వేరే చెట్టు మీద ఆనుకుని వేలాడుతున్న కొమ్మ కనబడితే అక్కడ ఆగకండి, ఫోటో దిగకండి, ఒకరి తర్వాత ఒకరు ఎడంగా దాటండి. టపటపమని గానీ, పటుక్కున గానీ చప్పుడు వినిపిస్తే ముందు చప్పుడు ఎటు నుంచో చూసి, ఆ తర్వాత పక్కకు తప్పుకోండి. చూడకుండా పరుగెత్తితే దాని కిందికే వెళ్ళొచ్చు. మధ్యాహ్నం గాలి లేచే వేళకు ఇలాంటి చోట్లు దాటేసి ఉండాలి. ఇక ఊయల కట్టడం, మోడు ఎక్కడం గురించి మాట్లాడక్కర్లేదు.

కింద ఇంకో గొడవ. మొద్దు కాలినప్పుడు నిప్పు వేర్ల వెంట నేలలోకి దిగుతుంది. వేరు బూడిదయ్యాక అక్కడ సొరంగం మిగులుతుంది. పైన పల్చటి మట్టి పొర, దాని మీద కొత్త గడ్డి. అడుగు వేస్తే మోకాలి దాకా దిగబడొచ్చు, చీలమండ మెలిపడితే కోనలోంచి మోసుకురావడం నలుగురికి ఒక పూట పని. మొద్దు చుట్టుపక్కల నాలుగడుగులు కర్రతో పొడిచి చూశాకే కాలు పెట్టండి.

వాలు మీద ఒకరి కింద ఒకరు నేరుగా నడవొద్దు. రాళ్ళను పట్టి ఉంచిన గడ్డి వేర్లు కాలిపోయాయి, అడుగు తగిలితే రాయి దొర్లుతుంది. పైవాళ్ళు దాటేదాకా కిందివాళ్ళు పక్కన ఆగాలి. రాయి జారితే సిగ్గుపడకుండా "రాయీ!" అని గట్టిగా అరవండి. శేషాచలం బండలు చాలావరకు క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. పొడిగా ఉంటే బూటు బాగానే పట్టుకుంటుంది, తడిసి పాచి పట్టిందా, ఏ బూటూ నిలవదు. దాని మీద బూడిద బురద చేరితే మరీ అన్యాయం. అలాంటి చోట కూర్చుని దిగడానికి నామోషీ పడకండి. చేతికి అందిన కొమ్మ పట్టుకునే ముందు లాగి చూడండి, కాలిన కొమ్మ చేతిలోకే వచ్చేస్తుంది.

వంక, గుండం, జలపాతం

తలకోన జలపాతం సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది, రాష్ట్రంలో ఇదే ఎత్తైనదని లెక్క. పైన కొండ నీళ్ళన్నీ ఇరుకు కోనలోకి చేరి దూకుతాయి. ఆ పైన కాలిందో లేదో కింద గుండంలో నిలబడ్డవాళ్ళకు తెలియదు.

పచ్చటి అడవిలో వాన ముందు ఆకుల మీద పడి, రాలిన ఆకు పరుపులోకి ఇంకి, మెల్లగా వంకకు చేరుతుంది. మంట ఆ పరుపును తీసేస్తుంది. బూడిద నేల రంధ్రాలను మూసేస్తుంది. మంట తీవ్రంగా పడిన చోట ఆకుల్లోని మైనం లాంటి పదార్థం ఆవిరై మట్టి కిందికి దిగి గడ్డకట్టి, నీటిని ఇంకనివ్వని పొరగా మారుతుంది. అప్పుడు పడ్డ వాన పడ్డట్టే కిందికి జారుతుంది. మామూలుగా గంట తర్వాత రావాల్సిన పోటు చాలా ముందే వచ్చేస్తుంది, దాంతో పాటు మట్టి, కొమ్మలు, రాళ్ళు కూడా.

కాబట్టి వంక దాటే ముందు, గుండంలో దిగే ముందు కొండ పైవైపు చూడండి. అటు మబ్బు నల్లగా కమ్ముకుంటే, మీ మీద ఎండ కాస్తున్నా సరే, నీళ్ళ జోలికి పోవద్దు. నీళ్ళలో ఉన్నప్పుడు నలుగురిలో ఒకరు గట్టు మీద కూర్చుని నీటినే చూస్తుండాలి. తేటగా ఉన్న నీళ్ళు టీ రంగుకో, బూడిద రంగుకో మారడం, బొగ్గు ముక్కలు, పుల్లలు తేలి రావడం, జలపాతం హోరు బరువెక్కడం, అప్పటిదాకా పొడిగా ఉన్న రాయి తడవడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా వెంటనే పక్క గట్టు పైకి ఎక్కండి. వంక వెంట కిందికి పరుగెత్తొద్దు, నీళ్ళు మీకంటే వేగం. బ్యాగు, ఫోను, చెప్పులు అన్నీ వదిలేయండి. అవతలి ఒడ్డున చిక్కుకుంటే అక్కడే కూర్చోండి. కొండ వంక ఎంత తొందరగా పొంగుతుందో అంత తొందరగా తగ్గుతుంది. మోకాలి పైకి వచ్చి, లాగుతున్న నీటిలో చేతులు పట్టుకుని దాటుదామనే సాహసం వద్దు.

స్నానం వరకు సరే, దూకడం మాత్రం వద్దు. గుండం అడుగు ప్రతి వానకూ మారుతుంది. పోయిన ఏడు లోతుగా ఉన్నచోట ఈ ఏడు కొట్టుకొచ్చిన బండో, కాలిన దుంగో ఉండొచ్చు, మురికి నీళ్ళలో కనబడదు. నేరుగా ధార కింద నిలబడటం కూడా మానుకోండి, పైనుంచి రాళ్ళు పడే కాలం ఇది. జలపాతం పైకి ఎక్కే దారి తెరిచి ఉంటే, అటవీ శాఖ గైడు వెంట ఉంటేనే వెళ్ళండి. పైన అంచు దగ్గర సెల్ఫీ తీసుకునేవాళ్ళను చూస్తే నాకు అరికాళ్ళు జిల్లుమంటాయి.

నడుస్తూ ఏం చూడాలి

జాగ్రత్తలన్నీ చెప్పి భయపెట్టానేమో. అసలు కాలిన అడవి చూడదగ్గది. దేనికి ఎంత ఓపిక ఉందో అక్కడే తెలుస్తుంది.

ముందు బెరడు చూడండి. ఎర్రచందనం బెరడు నల్లగా, పలకలు పలకలుగా పగిలి మొసలి వీపులా ఉంటుంది. ఆ మందం వల్లే చిన్న నేలమంటకు పెద్ద చెట్టు తట్టుకుంటుంది. పైన పోయినా మొదట్లోంచి పిలకలు వేస్తుంది. చిరుమాను, మద్ది, మోదుగ, తునికి కూడా అంతే, కాలిన మొద్దు చుట్టూ గుత్తిగా చిగుళ్ళు కనిపిస్తాయి. తునికి కొత్త ఆకు లేతగా వస్తుందనే బీడీ ఆకు కోసం కొందరు, లేత గడ్డి కోసం మరికొందరు అడవికి నిప్పు పెడతారు. ఏడాది విడిచి ఏడాది ఇలా కాలుస్తుంటే పెద్ద చెట్లు నిలబడతాయి గానీ, వాటి కింద ఎదగాల్సిన పిల్లచెట్లు ఒక్కటీ మిగలవు. ఏ గుట్టలోనైనా ముసలి చెట్లు, గడ్డి తప్ప నడుమెత్తు మొక్కలు కనబడకపోతే అక్కడ పదే పదే కాలుతోందని అనుకోవచ్చు.

గడ్డి వాలుల మీద పొట్టి ఈతచెట్టులా కనిపించే పెరితను వెతకండి. తూర్పు కనుమల్లో ఈ చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఎక్కడా సహజంగా పెరగని మొక్క. ఆకులన్నీ కాలిపోయినా నల్లటి కాండం కొన నుంచి కొత్త ఆకుల చుట్ట ఒక్కసారిగా విచ్చుకుంటుంది. మందు కోసమని దీని మగ కంకులను కోసుకుపోవడం వల్ల అంతరించే దశకు చేరింది. చూసి, ఫోటో తీసుకుని, ఎక్కడ చూశారో ఎవరికీ చెప్పకుండా ఉంటే దానికి మేలు.

రంగు రంగుల పూలతో పొదలు పొదలుగా అల్లుకున్న లంటానా కనబడితే మురిసిపోకండి. ఖాళీ దొరికిన నేలను అది ఆక్రమిస్తుంది, మళ్ళీ ఎండి తర్వాతి మంటకు మేత అవుతుంది.

ఈ మధ్య విత్తన బంతులు, అంటే గింజలు పెట్టిన మట్టి ఉండలు, విసరడం ఫ్యాషన్ అయింది. ఈ అడవికి ఆ అవసరం లేదని నా అభిప్రాయం. నేలలో వేర్లు, మొద్దులు, విత్తనాలు చాలినన్ని ఉన్నాయి. కావాల్సింది నాలుగేళ్ళు మళ్ళీ మంట పడకుండా, మేకలు మేయకుండా ఉండటం. బయటి విత్తనాలు చల్లితే కొత్త కలుపు తెచ్చినట్టే. తీసుకెళ్ళడం ఎలా వద్దో తెచ్చుకోవడమూ అలాగే వద్దు. ముఖ్యంగా ఎర్రచందనం పేడు. కాలి పడి ఉన్నా, బొటనవేలంత ఉన్నా, చెక్‌పోస్ట్ దగ్గర బ్యాగులో దొరికితే కేసే.

జంతువులుంటాయి

కాలిన చోట లేత గడ్డి వస్తుంది, గడ్డికి దుప్పులు, కణుతులు వస్తాయి, వాటి వెనక చిరుత వస్తుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిన్నపిల్లను చిరుత ఎత్తుకుపోయి చంపేసింది. జనం నిండిన దారిలోనే అలా జరిగింది కాబట్టి పిల్లలను మధ్యలో పెట్టుకుని, చెయ్యి వదలకుండా నడవండి. అసలు పన్నెండేళ్ళ లోపు పిల్లలను కాలిన దారికి తీసుకెళ్ళకపోవడమే నయం. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు, అప్పటి అన్నమయ్య జిల్లాలోని గుండాలకోన దగ్గర అడవి దారిన వెళ్తున్న భక్తుల మీద ఏనుగులు పడి ప్రాణాలు తీశాయి. వాళ్ళు చీకట్లో నడుస్తున్నారు. తాజా లద్దె, విరిగిన వెదురు కనబడితే అక్కడితో నడక చాలించి తిరిగి రండి.

ఎలుగుబంటి ఎక్కువగా ఉలిక్కిపడినప్పుడే మీద పడుతుంది. మలుపుల దగ్గర మామూలుగా మాట్లాడుకుంటూ నడిస్తే చాలు, బ్లూటూత్ స్పీకర్ అక్కర్లేదు. మంటకు దాగుడు చోట్లు తగ్గిపోవడంతో పాములు మిగిలిన బండల కింద, పడిన దుంగల సందుల్లో చేరతాయి. చెయ్యి పెట్టే ముందు, కూర్చునే ముందు కర్రతో తట్టండి. పాము కరిస్తే కోయొద్దు, గట్టిగా తాడు కట్టొద్దు, నాటుమందు అని ఆలస్యం చేయొద్దు. కాలో చెయ్యో కదలకుండా కట్టుకట్టి, మనిషిని మోసుకొచ్చి, సిగ్నల్ అందగానే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చండి. తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది.

పొగ కనబడితే

జనవరి దాటాక వెళ్తే ఇది చదివి వెళ్ళండి. మంట వాలు పైకి వేగంగా ఎక్కుతుంది, కిందికి మెల్లగా దిగుతుంది. అందుకని కింద పొగ కనబడితే కొండెక్కి చూద్దామని పైకి పోవద్దు. గాలి ఎటు వీస్తోందో చూడండి. మంట వెళ్ళే దిక్కుకు అడ్డంగా పక్కకు తప్పుకుని, కిందికి, వంక వైపు, బండ పరుపు వైపు, లేదా అటవీ శాఖ గడ్డి చెక్కేసి ఉంచిన ఫైర్ లైన్ మీదికి చేరండి. ఇవేవీ అందకపోతే అప్పటికే కాలి చల్లారిన నల్ల నేల మీద నిలబడటం మంచిది, అక్కడ కాలడానికి ఏమీ మిగలదు. తడిపిన నూలు గుడ్డ ముక్కుకు కట్టుకుని, వంగి నడవండి. మీరే ఆర్పాలని కొమ్మ విరిచి దిగొద్దు. చోటు గుర్తు చెప్పగలిగేలా ఒక ఫోటో తీసి, సిగ్నల్ రాగానే 112కి గానీ చెక్‌పోస్ట్‌కు గానీ చెప్పండి.

తిరుగు దారి

మధ్యాహ్నం ఒంటిగంటకు జలపాతం దగ్గర నుంచి లేచిపోండి. ఇంకాసేపు అనేవాడు ప్రతి గుంపులో ఉంటాడు, వాడినే ముందు నడిపించండి. దిగేటప్పుడు మోకాళ్ళు వణుకుతాయి, దెబ్బలు తగిలేది ఎక్కువగా అప్పుడే. పొద్దున తీసిన ఫోటోలు చూసుకుంటూ మలుపులు సరిపోల్చుకోండి. వాలిన చెట్టు, కొత్తగా తెగిన దారి, వదిలేసిన నిప్పు ఏదైనా చూసి ఉంటే చెక్‌పోస్ట్ దగ్గర చెప్పి వెళ్ళండి, వెనక వచ్చేవాళ్ళకు పనికొస్తుంది.

భాకరాపేట ఘాట్ వెలుగుండగానే దాటాలి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్నవాళ్ళ బస్సు రాత్రిపూట లోయలో పడింది ఆ ఘాట్‌లోనే. ఒళ్ళు అలిసిన డ్రైవరుకు మలుపుల రోడ్డు మంచిది కాదు, కాబట్టి భాకరాపేటలో ఒక టీ తాగి స్టీరింగ్ మార్చుకోండి.

ఇంటికి చేరాక బూట్లు, ప్యాంటు అంచులు వాకిట్లోనే దులపండి. గడ్డి గింజలు, లంటానా విత్తనాలు వాటికి అంటుకుని ఉంటాయి, దులిపిన చెత్తను తొట్టిలో వేయండి. స్నానం చేసేటప్పుడు చంకలు, మోకాలి వెనక, నడుము పట్టీ దగ్గర పిడుదులు పట్టాయేమో చూసుకోండి. పట్టి ఉంటే చిన్న పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నేరుగా లాగేయండి, కిరోసిన్ పోయడం, కాల్చడం వద్దు. ఆ తర్వాత వారం పది రోజుల్లో జ్వరం వస్తే అడవికి వెళ్ళొచ్చిన సంగతి డాక్టరుకు మర్చిపోకుండా చెప్పండి.